అద్దంలాంటి నీళ్లలో ఏముంది

రాళ్లగుట్ట వెనక రెండు నీటి తావులున్నాయి. ఒకటి పాచిపట్టిన మడుగు. రెండోది రాళ్లు కొట్టి వదిలేసిన క్వారీ గుంట. గుంటలో నీళ్లు అద్దంలా ఉంటాయి. ఆ ఎండాకాలం పశువులన్నీ మడుగు మాని గుంటకే పోతున్నాయి. పొమ్మన్నది నక్క. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

ఆ నీళ్లు తాగిన దూడలు మూడు. రెండు పారుడు పట్టి చచ్చాయి, నక్క వాటిని తిని మూతి తుడుచుకుంది. మూడోది బొల్లిగేదె దూడ. అది కాళ్లు ముడుచుకుని పడి ఉంటే, నక్క పక్కనే కూర్చుని తల్లి బొల్లిని ఓదారుస్తోంది.

"దిష్టి తగిలింది వదినా. ఇంకో రెండు గుక్కలు తేటనీళ్లు పట్టు."

"రెండు రోజులుగా అవే పడుతున్నా. లేవట్లేదు."

"మడుగునీళ్లు మాత్రం పట్టకు. పురుగులతో ఉడుకుతున్నాయి. నేను చూశాగా."

"ఏ కంటితో చూశావురా?" అంటూ ముసలి కొండముచ్చు చెట్టు దిగింది. పశువుల డాక్టరు ఏటా శిబిరం పెట్టే రేకుల షెడ్డు కిటికీలో పదేళ్లు కూర్చుని, ఆయన చేసే ప్రతి పనీ చూసిన ముసల్ది అది. "డాక్టరు పాత సూక్ష్మదర్శిని షెడ్డులోనే వదిలిపోయాడు. పదండి, చూద్దాం."

కొండముచ్చు యంత్రాన్ని గుమ్మంలోకి లాగి, కింది అద్దం తిప్పి వెలుగు పట్టింది. గాజుపలకమీద ఒక చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్లను టపీమని పడేసింది.

"ఇవి మడుగునీళ్లు. నువ్వే చెప్పరా, పురుగులు ఎరిగినవాడివి."

నక్క ఒక కన్ను మూసి చూసింది. "అదిగో. గుండ్రంగా, చుట్టూ నల్లకడియం వేసుకుని కూర్చుంది. దూడల్ని చంపిన రాక్షసి అదే."

"కదులుతోందా?"

"కదలకేం. నన్ను చూసి కోరలు నూరుతోంది."

"అది గాలిబుడగ," అంది కొండముచ్చు. "నీళ్లేమో డాక్టరు సీసాలోవి, కాచి చల్లార్చినవి. బిళ్లను ఏటవాలుగా, మెల్లగా దించకపోతే గాలి ఇరుక్కుంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలంతా దాన్నే క్రిమి అనుకుంటారు. కాకపోతే వాళ్లకు కోరలు కనబడవు."

నక్క యంత్రం దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

ఈసారి నిజంగానే మడుగు చుక్క. బిళ్ల మెల్లగా దిగింది.

"ఊపిరి బిగబట్టవే, అద్దం చెమర్చింది," అంది కొండముచ్చు. బొల్లి ఒంటికన్నుతో చూసింది. పచ్చటి పూసల దండలు. ఒళ్లంతా సన్నటి నూగుతో, చెప్పు ఆకారంలో ఒకటి ఈదుకుంటూ పోతోంది. ఇంకొకదానికి కాళ్లే లేవు, ఒంటినే కాలుగా సాచి పాకుతోంది.

"అత్తా, ఒక్క చుక్కలో ఇంత ఊరుందా? నేను రోజూ ఇన్ని ఊళ్లు మింగుతున్నానా?"

"మింగడమే కాదు, మోస్తున్నావు. నీ కడుపులో ఇంతకు లక్షల రెట్లు జీవాలున్నాయి. గడ్డి అరిగేది వాటి చాకిరీతోనే. కుడితి పులిసేదీ అలాంటివాటి వల్లే. అన్నీ శత్రువులు కావు."

బొల్లి తల తిప్పి తన కడుపును తానే కొత్తగా చూసుకుంది.

ఆ తర్వాత గుంట చుక్క. మొదట ఏమీ లేదు. కొండముచ్చు ఇంకా పెద్దగా చూపే కటకం తిప్పింది. చీపురుపుల్లల తునకల్లాంటివి కిక్కిరిసి, చుక్కంతా కుతకుతలాడుతోంది.

"చంపినవి ఇవేనా అత్తా?"

"బాక్టీరియా అంటాడు డాక్టరు. రూపం చూసి మంచివో చెడ్డవో చెప్పలేం. కానీ తేటనీళ్లలో ఇన్ని ఉన్నాయంటే, అడుగున వీటికి తిండిగా ఏదో కుళ్లుతోంది. పైన పటారం, లోన లొటారం."

బొల్లి కొమ్ములు వంచి నక్కను గుంట ఒడ్డుకు తోసుకుపోయింది.

"నువ్వు తాగు మరిదీ."

"దాహం లేదు వదినా."

"రెండు రోజులుగా మా దగ్గరే ఉన్నావు. ఒక్కసారీ ఇక్కడ మూతి పెట్టలేదు. తాగు."

నక్క మూతి నీళ్లదాకా దించింది. కొమ్ములు వీపుకు గుచ్చుకున్నాయి. "వద్దు వదినా. కుళ్లిన మేకపిల్లను అడుగున రాళ్లసందులో తొక్కిపెట్టింది నేనే."

కొండముచ్చు సీసాలో మిగిలిన నీళ్లు దూడ నోట్లో కొద్దికొద్దిగా పోసింది. పొద్దు వాలేసరికి దూడ మెడ ఎత్తి తల్లిని నాకింది. నక్క అప్పటికే ఖాళీ కడుపుతో గుట్ట దాటి పారిపోయింది.

కంటికి ఆననిది లేదనకు, చూడనిది చూశాననకు.