దున్నపోతు వెనకడుగు

నల్లమల అడవిలో ఒక వాగుకు ఇటూ అటూ రెండు కాలేజీలు ఉండేవి. ఒకటి వాగుగట్టు కాలేజీ, రెండోది కొండమీది కాలేజీ. చదువులో రెండూ అంతంతమాత్రమే గానీ ఆటలో మాత్రం ఢీ అంటే ఢీ. ఏ ఆట అంటారా? అమెరికాలో కాలేజీ కుర్రాళ్ళు ఫుట్‌బాల్ అని పేరు పెట్టి, కాలితో తన్నేది తక్కువ, చంకలో పెట్టుకుని ఉరికేది ఎక్కువగా ఆడతారే, అదే. ఇక్కడ బంతికి బదులు తాటికాయ. కాయ ఉన్న జట్టుకు నాలుగు విడతలు. ఆ నాలుగింటిలో పది అంగలు ముందుకు పోతే మళ్ళీ నాలుగు దొరుకుతాయి. పోలేకపోతే కాయ అవతలివాళ్ళది. ఎత్తుకుపోయినా సరే, విసిరి అందుకున్నా సరే, కాయతో చివరి గీత దాటితే పాయింట్లు.

ఆ ఏడు పందెం చిన్నది కాదు. వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలింది. ఓడిన కాలేజీ వానలు పడేదాకా మడుగు వదిలేసి, రెండు కొండల అవతలున్న చెలమ దగ్గరికి పోవాలి. అందరికంటే ఎక్కువ దిగులు వాగుగట్టు జట్టులోని పోతులయ్యకు. ఆయన దున్నపోతు. చెలమలో మూతి తడుస్తుంది గానీ ఒళ్ళు మునుగుతుందా? నడివేసవిలో నీళ్ళలో మునగని దున్న బతుకు ఏం బతుకని ఆయన రోజూ మడుగు వైపు చూసి నిట్టూర్చేవాడు.

పోతులయ్య పని ముందు వరసలో నిలబడి ఎదుటివాణ్ణి నెట్టడం. నాలుగేళ్ళుగా అదే పని. ఎవరేమన్నా దున్నపోతు మీద వాన కురిసినట్టే, ఉలకడు, పలకడు. ఆయన వెనక, నడిమధ్య ఖాళీలో కాపలా కాసేది చెంగి అనే కుందేలు. వీళ్ళందరికీ కాపలా ఆట నేర్పేవాడు పెంకయ్య మాస్టారు. ఆయన చీమలు తినే అలుగు. ఒళ్ళంతా పెంకులు, ఆపదొస్తే ఉండలా చుట్టుకుంటాడు. తనను తాను కాచుకోవడంలో ఆయన్ని మించినవాడు ఆ అడవిలో లేడు. పంటి బలం లేదు, గొంతు పెద్దది కాదు. అయినా పులి కూడా ఆయన ముందు ఓడిపోవలసిందే.

పోటీకి నెల ముందు మాస్టారు పోతులయ్యను పిలిచాడు.

"పోతులయ్యా, నువ్వు వెనక్కి నడవాల."

"వెనక్కా? మా వంశంలో వెనక్కి నడిచినోడు లేడు మాస్టారూ!"

"అందుకే నడవమంటున్నా. నడవగలనని నీకే నమ్మకం లేదు, ఇంక కోటప్పకు యాడుంటది?"

కోటప్ప కొండమీది జట్టులో కాయ విసిరే కొండముచ్చు. పొడుగు చేతులు, చురుకైన కళ్ళు, అంతకంటే చురుకైన నోరు.

"వాడి ఆటలు మూడు చూసినా," అన్నాడు మాస్టారు. "వాడు తెలివిగలోడు. మధ్యలో కాసేవాడు తనమీదికి ఉరికినాడంటే ఆ మధ్య ఖాళీ అయిందని వాడికి తెలుసు. ఇంక చూడనైనా చూడడు, ఆ చోటికే విసురుతాడు. వాళ్ళ చుక్కమ్మ ఆడికొచ్చి అందుకుంటది."

"మరి ఎట్టా ఆపేది?"

"ఆపొద్దు. విసరనీ. చెంగి ముందుకు ఉరుకుతాది, నువ్వు ఒక్క తోపు తోసి ఎనిమిది అడుగులు వెనక్కొచ్చి ఆ చోట్లో నిలబడు. అంతే."

అంతే అనడం సులువు. మొదటిరోజు పోతులయ్య వెనక్కి నడిచి, మాస్టారు పొద్దున్నే టిఫిన్ చేసే చీమలపుట్ట మీదే కూలబడ్డాడు. రెండోరోజు ముళ్ళపొదలో పడ్డాడు. చెంగి పొట్ట పట్టుకుని నవ్వింది. పోతులయ్య నవ్వలేదు, మళ్ళీ లేచి నిలబడ్డాడు. సాధనమున పనులు సమకూరు ధరలోన అని ఊరికే అన్నారా! నెల తిరిగేసరికి ఎనిమిది అడుగులు తడబడకుండా నడిచాడు.

పోటీ రోజు వచ్చింది. మాస్టారు గీత పక్కన బండమీద కూర్చున్నాడు. తాను ఉండలా చుట్టుకుంటే అదే పోతులయ్య వెనక్కి నడవడానికి సైగ అని ముందే చెప్పాడు. ఆట మొదలైంది. చెంగి కోటప్ప మీదికి ఉరికింది. కోటప్ప ఖాళీ అయిన మధ్యకు విసిరాడు. దుప్పి చుక్కమ్మ అందుకుంది. మాస్టారు మాత్రం కదలకుండా కూర్చున్నాడు. రెండోసారి అదే, మూడోసారీ అదే. పోతులయ్య మాత్రం ఎప్పట్లాగే నెడుతూ ఉన్నాడు.

"ఏంది మాస్టారూ! వాడికి కాయ చేతికందిస్తన్నాం!" అని విరామంలో చెంగి గోల పెట్టింది.

"అందనీమ్మా. ఎర తినందే చేప గాలానికి పడదు."

"మనల్ని ఓడించేదాకా తింటాడేమో!"

మాస్టారు మళ్ళీ బండెక్కి కూర్చున్నాడు. చేతిలో ఉన్న ఉపాయాన్ని తొందరపడి ఖర్చు చేయకపోవడం అందరివల్లా అయ్యే పని కాదు. ఈ కథ చెబుతున్న నేనైతే రెండోసారికే వాడేసేవాణ్ణి.

పొద్దు కొండను తాకితే ఆట ఆఖరు. అప్పటికి వాగుగట్టు మూడే పాయింట్లు పైన ఉంది. కొండమీది జట్టు ఒక్కసారి గీత దాటితే చాలు, మడుగు వాళ్ళదే. గీతకు ఏడంగల దూరంలో వాళ్ళు. మూడు విడతలు అయిపోయాయి, మిగిలింది ఒక్కటి.

అప్పుడు బండమీద పెంకయ్య మాస్టారు ముడుచుకుని ఉండలా చుట్టుకున్నాడు.

"ఓరి మీ మాస్టారు భయపడి ముడుచుకున్నాడు చూడండిరా!" అని కోటప్ప పగలబడి నవ్వాడు. "ఏం పోతులయ్యా, చెలమకు దారి తెలుసునా? నెట్టడం తప్ప నీకేం తెలుసు? రా, నెట్టు!"

పోతులయ్య ముక్కుపుటాలు అదిరాయి. వాన కురిసినా చలించని ఆ ఒళ్ళు చెలమ మాట వినగానే మండిపోయింది. నాలుగేళ్ళ అలవాటు ముందుకు లాగింది. ఒక్క గుద్దు గుద్దితే కోటప్ప చెట్టెక్కి కూర్చుంటాడు, ఆ నోరు మూతపడుతుంది. కానీ మధ్య ఖాళీగా ఉండిపోతుంది. పోతులయ్య పళ్ళు కొరికి తల వంచాడు.

కాయ లేచింది. చెంగి బాణంలా కోటప్ప మీదికి ఉరికింది. పోతులయ్య ఒక్క తోపు తోసి, వెనక్కి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఎనిమిది అడుగులు నడిచాడు.

కోటప్ప చెంగిని చూశాడు, మధ్య ఖాళీ అనుకున్నాడు, విసిరాడు. చుక్కమ్మ ఎగిరేలోపే కాయ వచ్చి పోతులయ్య కుడి కొమ్ముకు గుచ్చుకుంది. ఆయనకే నమ్మకం కలగలేదు. తల ఊపి చూశాడు. కాయ ఊడలేదు. అలా కొమ్ముకు కాయతోనే మైదానంలో నిలబడిపోయాడు. పొద్దు కొండను తాకింది.

"ఇదేంది! దున్న ఆడికి ఎట్టా వచ్చింది?" అని కోటప్ప నోరు తెరిచాడు.

మాస్టారు పెంకులు విప్పుకుంటూ బండ దిగాడు.

"నడుచుకుంటూ," అన్నాడు.

ఆ వేసవంతా మడుగులో ముక్కు మాత్రం పైకి పెట్టి పోతులయ్య చల్లగా పడుకున్నాడు. కోటప్ప జట్టు నెత్తిన ఎండ పెట్టుకుని రెండు కొండలు ఎక్కింది.

నీతి: ఎదుటివాడు ఖాళీ అనుకున్న చోట కాపలా ఉంచినవాడిదే గెలుపు.