మూలగదిలో రాక్షసి

వెనకటికి చండవర్మ అనే రాజుకు గుహలాట పిచ్చి ఉండేది. ఇసుక మీద గుహ గీసేవాడు. ఆడేవాళ్లు ఏ గదిలోకి వెళ్తామో చెప్తే, అక్కడ ఏముందో ఆయన చెప్పాలి. ఆ తర్వాత ఏమవుతుందో గవ్వ వేసి తేల్చాలి. ఎవరు ఎటు వెళ్లినా అక్కడ రాక్షసే ఉండేది. చేతిలో గవ్వ చేతిలో ఉండగానే "మింగేసింది!" అని రాజు తొడ చరిచేవాడు.

ఒకరోజు ఆటలో తన చిన్నకూతురు కనకాంగినిని కూడా అలాగే మింగించేశాడు. అప్పట్నుంచి ఆ పిల్ల స్తంభం చాటున మూతి ముడుచుకుని కూర్చుంది. మెతుకు ముట్టలేదు.

మర్నాడు కుండలు దింపడానికి వచ్చిన కుమ్మరి గవరమ్మ ఆ పిల్లను చూసి, రాజు గీసిన గుహ ముందు కూర్చుంది.

"నేనూ ఆడతాను దొరా. ఎవరూ వెళ్లని ఆ మూలగది తలుపు తీశాను."

"మింగేసింది!"

"అది ఎన్నాళ్లుగా ఉంది అక్కడ?"

"నూరేళ్లుగా!"

"ఈ నూరేళ్లలో ఎవరైనా వచ్చారా?"

"అక్కడికి వచ్చే దమ్ము ఎవరికుంది?" అన్నాడు రాజు గొప్పగా.

"మరి నూరేళ్లు మనిషి మొహం చూడనిది, ఒక్క మాటైనా మాట్లాడకుండా మింగేస్తుందా? మా ఇళ్లలో గడప తొక్కినవాణ్ని, పగవాణ్నైనా సరే, ముందు 'ఎవరూ?' అని అడుగుతాం. దాని మనసులో ఏముందో గవ్వనే చెప్పనివ్వండి దొరా. బోర్లా పడితే కోపం, వెల్లకిలా పడితే దిగులు."

రాజు గవ్వ వేశాడు. వెల్లకిలా పడింది.

ఆయన గొంతు సవరించుకుని, రాక్షసి గొంతుతో, మెల్లగా అడిగాడు. "ఎవరూ?"

స్తంభం చాటు నుంచి జవాబొచ్చింది.

"నేనే, నిన్న నువ్వు మింగేసిన కనకాంగిని. ఆకలేస్తోంది నాన్నా!"