వరాలు నునుపు చేసిన గోడ

జొన్న చేనుకీ నువ్వు చేనుకీ మధ్య ఒక ఎత్తయిన గట్టు ఉంది. ఆ గట్టు కడుపులో రెండు ఇళ్ళు. ఒకటి తాయారు అనే ఎలుకమ్మది, రెండోది వరాలు అనే ఎలుకమ్మది. రెండింటికీ మధ్య జానెడు మందం మట్టిగోడ. ఈ ఇంట్లో పిల్ల తుమ్మితే ఆ ఇంట్లోంచి "చిరంజీవ" అని వినిపించేది. అంత దగ్గర.

ఎలుకల ఇల్లంటే ఒక పద్ధతి ఉంది. ముందు ఒక గుమ్మం, వెనక ఒక దొడ్డిదారి. ముందు నించి ఎవరైనా తవ్వుకుంటూ వస్తే, పిల్లల్ని నోట కరుచుకుని వెనక నించి జారుకోవాలి. ముత్తవ్వల నాటి నించీ ఇదే కట్టుబాటు. ఆ చేల మీద తిరిగే నక్క ఎన్నిసార్లు తవ్వినా, తీరా మూతి లోపల పెట్టేసరికి ఖాళీ గదే ఎదురయ్యేది.

ఆ వేసవిలో తాయారు ఇల్లు బాగుచేసుకుంది. పని అయిపోయాక మొదట వరాలునే పిలిచింది.

"రా వదినా, రా! ఎలా కుదిరిందో నువ్వు చెప్పాలి."

వరాలు లోపలికి అడుగుపెట్టి అలా నిలబడిపోయింది. గోడలకి ఎర్రమట్టి పూత. దాని మీద నత్తగుల్లలు నూరిన తెల్లపొడితో తీగల ముగ్గులు. పక్కగోడకి ఎక్కడిదో శుభలేఖ ముక్క, అంచున బంగారు రంగు మెరుస్తూ ఉంది. గుమ్మం దగ్గర పచ్చ గాజుముక్క ఒకటి గుచ్చి ఉంటే, ఎండ దాని మీద పడి గదంతా లేత పచ్చగా, చెట్టు నీడలో కూర్చున్నట్టు ఉంది. అన్నిటినీ మించింది వెనక గోడ! ఈ చివర నించి ఆ చివర దాకా ఒక్క గంటు లేదు. దాని నిండా చందమామ లాంటి గుండ్రటి ముగ్గు.

"బాగుంది వదినా" అంది వరాలు. నోరు అంది గానీ కడుపు అనలేదు.

"వెనక గోడ చూశావా? దాని సంగతి చెప్తాను, కూర్చో."

"పిల్లలు లేచుంటారు. వస్తా."

"అయ్యో, రెండు గింజలు నోట్లో వేసుకుని వెళ్ళు."

"మా ఇంట్లోనూ ఉన్నాయిలే గింజలు!"

వరాలు ఇంటికొచ్చింది. కళ్ళు తెరవని ఆరుగురు పిల్లలు పీచు పరుపు మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోతున్నారు. పొద్దున్నదాకా అది ఇల్లులాగే ఉండేది. ఇప్పుడు చూస్తే ఒట్టి బొరియ. ఎంత చిత్రమో చూడండి! గోడలు అవే, గది అదే, చూసొచ్చిన కళ్ళే మారిపోయాయి.

మర్నాడు గుమ్మంలో దిగులుగా కూర్చుంటే గట్టు కింద నించి ఒక గొంతు పలికింది.

"ఏం చెల్లెమ్మా, మొహం అలా వాడిపోయింది?"

నక్క! వరాలు గబుక్కున లోపలికి దూరి మీసాలు మాత్రం బయట పెట్టింది.

"దూరంగా ఉండి మాట్లాడు."

"దూరంగానే ఉన్నాను తల్లీ. తాయారు ఇంటి గురించి చేలన్నీ చెప్పుకుంటున్నాయి. నీ ఇంటి గురించి ఒక్కరూ అనరేమా అని నాకే మనసు చివుక్కుమంది."

మీసాలు కదిలాయి. "ఎవరెవరు చెప్పుకుంటున్నారు?"

"ఎవరు చెప్పుకోవడం లేదో అడుగు. తొండ చెప్పింది, పిచ్చుక చెప్పింది. కాలవ గట్టు మీద మీ అత్తగారి వైపు వాళ్ళు ఉన్నారే, వాళ్ళయితే పొద్దుట్నించీ అదే మాట."

"మా అత్తగారి వాళ్ళా!" ఈసారి తలంతా బయటకొచ్చింది.

"అందం అంతా వెనక గోడలో ఉందట. దొడ్డిదారి పూడ్చేసి అద్దంలా నునుపు చేసిందట. మరి నీ గదిలో ఆ కన్నం అలాగే ఉంది కదమ్మా, ముందు పన్ను ఊడిన నోరులాగా."

"దొడ్డిదారి పూడిస్తే నువ్వు రావూ?"

"తాయారుకి లేని భయం నీకా? ఆవిడకి గుండెధైర్యం ఉంది, ఇల్లూ అందంగా ఉంది. అందరికీ చేతనవుతుందా? వస్తానమ్మా, నాకెందుకొచ్చిన మాటలు."

ఆ మాట చాలింది. పక్కింటికి పోయి "వదినా, నీ దొడ్డిదారి ఏం చేశావు?" అని అడిగితే ఎంతసేపు? కానీ అడిగితే తక్కువైపోనూ!

మూడు రోజులు వరాలు సరిగ్గా తినలేదు. కాలవ నించి బంకమట్టి మోసింది. గడ్డి తరిగి కలిపింది. తుమ్మజిగురు పోసి పిసికింది. దొడ్డిదారిని మొదలంటా కూరి, పైన పూత మీద పూత వేసి నునుపు చేసింది. దాని మీద ముగ్గు వేసింది. తాయారు గోడ మీద ఒక చందమామ ఉంటే తన గోడ మీద రెండు!

"ఏమిటి వదినా ఆ చప్పుడు?" గోడవతల నించి అడిగింది తాయారు.

"ఏం లేదు, పిల్లలు ఆడుకుంటున్నారు."

కళ్ళు తెరవని పిల్లలు ఆడుకోవడమేమిటా అనుకుంది తాయారు.

ఎండకి గట్టు కాగింది. పూసిన మట్టి రాయిలా బిగిసింది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ముందు గుమ్మం పెళ్ళలు పెళ్ళలుగా రాలడం మొదలెట్టింది.

"చెల్లెమ్మా! గది ఎంత బాగా కుదిరిందో చూసిపోదామని వచ్చాను" అంది నక్క, తవ్వుతూనే.

వరాలు ఒక్క దూకున వెనక గోడ మీద పడింది. గీకింది, కొరికింది. రెండు గోళ్ళు విరిగాయి గానీ చందమామల మీద గీత కూడా పడలేదు. పిల్లలు కీచుకీచుమంటున్నారు.

"వదినా! నక్క! దొడ్డిదారిన పో!" గోడవతల తాయారు అరిచింది.

"దొడ్డిదారి లేదు వదినా. నువ్వు పూడ్చావు కదా అని నేనూ..."

"నేనెక్కడ పూడ్చాను పిచ్చిదానా! ముగ్గు వెనక పల్చటి మట్టి పొర ఉంది, అంతే. తలతో తోస్తే ఊడుతుంది. ఆ సంగతి చెప్దామనే ఆ రోజు కూర్చోమన్నాను. సర్లే, మన నడిమి గోడ నేను తవ్వుతున్నా. వాణ్ణి కాసేపు ఆపు."

"నేనెలా ఆపను?"

తాయారు అప్పటికే తవ్వుతోంది. గోళ్ళ చప్పుడే వినిపించింది. అవతల తీగల ముగ్గు రాలింది, బంగారు అంచు శుభలేఖ చిరిగింది.

వరాలు పిల్లల్ని ఆ గోడ వారకి చేర్చి ఆలోచించింది. మూడు రోజులు తిండి లేకుండా తన చేత మట్టి మోయించిన మాటలు ఏవి? అవే మాటలు ఇంకొకళ్ళ మీద పనిచేయవా?

"నక్కన్నా, తవ్వేది నువ్వేనా?" అంది, గుమ్మం వైపు తిరిగి.

"ఇంకెవరు?"

"చప్పుడు విని మొదట ఏటి అవతలి నక్క అనుకున్నాను. ఆయన తవ్వకం ఇంత మొరటుగా ఉండదంటారే అని అనుమానం వచ్చింది."

తవ్వడం ఆగింది. "ఎవరంటారు?"

"ఎవరు అనరో అడుగు. ఆయన తవ్వితే గుమ్మం కుండ మూతిలా గుండ్రంగా వస్తుందట. మట్టి కూడా ఒక పక్కకే పోస్తాడట."

"వాడా! కిందటేడు వరదకి మా ఇంట్లో తలదాచుకున్న వాడా!"

"నాకేం తెలుసన్నా, పోయేదాన్ని. ఇంత అందమైన ఇంటికి ఇలాంటి చింపిరి గుమ్మం మిగిలిందే అనే నా బాధ. చూసినవాళ్ళు ఇది చేతకాని నక్క పని అనుకోరూ?"

"చేతకాని..." నక్క గోళ్ళ మట్టి దులుపుకుంది. "గుండ్రమే కదా? చూస్తూ ఉండు!"

గోళ్ళతో మెల్లగా అంచు చెక్కసాగింది. నడిమి గోడకి చిల్లు పడింది. తాయారు మూతి కనిపించింది. వరాలు మొదటి పిల్లని అందించింది.

"ఇప్పుడెలా ఉంది?" అంది నక్క.

"ఎడమ పక్క వంకర అన్నా." రెండో పిల్ల దాటింది.

"ఇప్పుడు?"

"ఎడమ కుదిరింది. కుడి పక్కే కొంచెం పొట్ట వచ్చింది." మూడో పిల్ల, నాలుగో పిల్ల.

"పోయిందా పొట్ట?"

"పోయింది. పైన ఆ వేరు ముక్క కొరికేశావంటే ఏటి అవతలి ఆయన నీ ముందు నిలవలేడు." ఐదో పిల్ల, ఆరో పిల్ల. ఆ వెనకే వరాలు కూడా చిల్లులో దూరింది.

తాయారు తన చందమామ ముగ్గుని తలతో గుద్దింది. అది ముక్కలై రాలింది. వెలుతురు లోపలికొచ్చింది. అందరూ నువ్వు చేలో పడ్డారు.

వరాలు వెనక్కి తిరిగి, కూలిపోయిన ఆ అందమైన గదిని చూసి కళ్ళు తుడుచుకుంది.

"వదినా, నత్తగుల్లలు అంత మెత్తగా ఎలా నూరావు?"

"ముందు పిల్లల్ని కరుచుకో తల్లీ. కొత్త ఇంట్లో కూర్చోబెట్టి చెప్తాను."

అక్కడ వరాలు ఇంటి గుమ్మం నిజంగానే కుండ మూతిలా గుండ్రంగా వచ్చింది. "ఇప్పుడేమంటావు చెల్లెమ్మా?" అని అడిగింది నక్క. రెండుసార్లు అడిగింది. తల లోపల పెట్టి చూస్తే రెండు చందమామలూ, ఖాళీ పరుపూ. తర్వాత అది ఎలుకల వాసన పట్టలేదు, నువ్వు చేలో వెతకలేదు. ఆకలి కడుపుతోనే ఏటి వైపు నడిచింది. అవతలి నక్క గుమ్మం ఎంత గుండ్రంగా ఉంటుందో తన కళ్ళతో చూస్తే గానీ దానికి కునుకు పట్టేలా లేదు.

అసూయ పడ్డ కంటికి పక్కింటి గోడ కనిపిస్తుంది గానీ, ఆ గోడలో ఉన్న దారి కనిపించదు.