సలోమిని వెనక్కి పంపిన రోజులు

అచ్యుతాంబగారు భాగవతం చెప్పేటప్పుడు కూడా కుట్టుమిషను ఆపేవారు కాదు. మేమంతా చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేస్తుంటే, జాకెట్లు కుడుతూనే జవాబిచ్చేవారు. చెప్పినందుకు ఎవరి దగ్గరా ఒక పండైనా పుచ్చుకోలేదు. తన తిండి తన కాళ్ల కష్టంతోనే తినాలని ఆమె పట్టుదల. నలభై ఏళ్లు తొక్కేసరికి కుడి మోకాలు అరిగిపోయింది. మళ్లీ మిషను తొక్కడానికే డెబ్బయ్యో ఏట ఆపరేషను చేయించుకుని కొత్త కీలు పెట్టించుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి నెమ్మదిగా చెప్పుకోవాలి. కోత మానేటప్పుడు లోపల కొత్త కండ అల్లుకుంటుంది. రోజూ మోకాలు వంచుతూ ఉంటే అది సాగుతుంది. వదిలేస్తే కీలును పట్టేసి బిగుసుకుపోతుంది. అలా కానివ్వకుండా వంచడానికి సలోమి అనే ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఇంటికి వచ్చేది. వంచిందంటే ప్రాణం పోయినంత నొప్పి.

దగ్గరుండి సేవ చేసే శిష్యురాలు పేరిందేవి ఆ అరుపులు వినలేకపోయింది. అమావాస్య అని ఒకనాడు, మంగళవారం అని ఒకనాడు సలోమిని గుమ్మంలోంచే పంపేసింది. తరవాత వర్జ్యాలు వెతకడం మొదలుపెట్టింది. హాయిగా ఉంటుందని కాలు చాపించి మడమ కింద మెత్తటి దిండు కూడా పెట్టింది.

"ఆంటీ, లోపల పెరిగే కండ తిథి చూసుకుని ఆగదండీ," అంది సలోమి.

"నీకేం, వంచేసి పోతావు. ఆ తరవాత మూలుగు వినేది నేను," అంది పేరిందేవి.

మూడు నెలలైనా కాలు సగం కూడా వంగలేదు. మత్తిచ్చి వంచే అదను దాటిపోయిందనీ, మళ్లీ కోసినా భరోసా లేదనీ డాక్టరుగారు తేల్చేశారు.

ఆ మధ్యాహ్నం పేరిందేవి మా అందరి ముందే అడిగింది. "అమ్మా, మీ బాధ చూడలేకే కదా అలా చేశాను. దయలో కూడా తప్పుంటుందా?"

అచ్యుతాంబగారు వాదించలేదు. గోడ పట్టుకుంటూ వచ్చి మిషను ముందు కుర్చీలో కూర్చున్నారు. కుడికాలు కర్రలా ముందుకు చాచుకుని ఉంది.

"నా పాదం తొక్కుడు చెక్క మీద పెట్టవే," అన్నారు.

పేరిందేవి మడమ రెండు చేతులా పట్టుకుని వెనక్కి నెట్టింది. బెత్తెడు కదిలిందో లేదో, అచ్యుతాంబగారు కెవ్వుమన్నారు. పేరిందేవి చటుక్కున చేతులు తీసేసింది. కాలు మళ్లీ ఎప్పటిలా చాచుకుంది.

"అదిగో, వదిలేశావు."

పేరిందేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవకు," అన్నారు అచ్యుతాంబగారు. "నువ్వు పంచాంగం తీసినప్పుడల్లా, ఇవాళ కూడా ఏదో ఒక దోషం దొరికితే బాగుండునని నేను దేవుడికి మొక్కుకున్నాను. మీకు భాగవతం చెప్పే ఈ నోటితోనే."

మిషను మీద ఆపరేషనుకు ముందు కత్తిరించి పెట్టిన జాకెట్టు గుడ్డలు ఆరు ఉన్నాయి. ఒక్కొక్కటే దులిపి, మడతపెట్టి, పేరిందేవి ఒళ్లో పెట్టారు.

"ఎవరివి వాళ్లకు ఇచ్చి రా. ఇంకెక్కడైనా కుట్టించుకోమను."