కుంటిన ముంజికాయల బండి

మా చిదానందయ్య గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన పాపానికి నేను ఆశ్రమంలో లక్ష బీరకాయలు తరిగాను. ఒకటి తక్కువైనా అయ్యుండవచ్చు.

ఒక వేసవి ఉదయం ఆయన శిష్యుడు కూర్మారావు, పాతికేళ్ళు హెడ్మాస్టరుగా చేసి దిగినాయన, మనవరాలు హంసికను వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్ల మర్నాడు హైదరాబాదు వెళ్ళిపోతుంది. వచ్చిన నెల్లాళ్ళలో సెల్‌ఫోను మీంచి తలెత్తి తాతతో పది మాటలు ఆడిన పాపాన పోలేదు. ఆ పిల్ల కోసం ఆయన తన చిన్ననాటి ముంజికాయల బండిని మళ్ళీ చేశాడు. చక్రాలకి రెండు కాయలు, నడుమ ఇరుసుకి పుల్ల, తోయడానికి పంగలకర్ర. అంతటితో ఊరుకున్నాడా, వార్నిషు పూసి ఆశ్రమానికి మోసుకొచ్చాడు. ఆ మెరుపుకి వంశధార ఏటి అవతలి గట్టు మీద కొంగలు కళ్ళు మూసుకున్నాయి.

"గీతలు పడకుండా తోసుకోమన్నానండి. ముట్టుకోలేదు. ఈ కాలం పిల్లలకి ఆట మీద మనసెందుకు పోదు?" అన్నాడు.

గురువుగారు తాటికాయల గెల తెప్పించి, ఒక కాయ తల చెక్కించి పిల్ల చేతికిచ్చారు. ముంజె తినాలంటే ఒక చేత్తో కాయ పట్టుకోవాలి, రెండో చేతి బొటనవేలు గుచ్చాలి. కనుక ఫోను అరుగెక్కింది. వేలు దిగగానే నీళ్ళు చిమ్మి తాతగారి ఇస్త్రీ పంచె ఏరు దాటినట్టు తడిసింది. పిల్ల పకపకా నవ్వింది. నేను పక్కన కూర్చుని నలభై కాయలు తిన్నాను, ఎవరూ చూడలేదు.

డొల్లలకి పుల్ల గుచ్చి బండి చేసుకోమన్నారు గురువుగారు. హంసిక కన్నం ఓ పక్కకి పొడిచింది. బండి కుంటింది.

"అలా కాదమ్మా, నడిమధ్య పడాలి," అంటూ లేచాడు కూర్మారావు. గురువుగారు ఆయన కండువా కొస పట్టుకున్నారు.

"నీ మొదటి బండి తిన్నగా నడిచిందా?"

"లేదండి. మూడు రోజులు కుంటింది."

"ఎవరు బాగుచేశారు?"

ఈలోగా వీధిలోంచి పిల్ల కేకేసింది: "తాతయ్యా, రా, ఇది డాన్సు చేస్తోంది."

కూర్మారావు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, తన మెరిసే బండి వంక చూశాడు. "మరి దీన్నేం చెయ్యమంటారండి?"

"అది నువ్వు ఆడేసిన ఆట," అన్నారు గురువుగారు. "పరుగెత్తు, పిల్ల మలుపు తిరిగిపోతోంది."