‘లీ’ తోక తగిలించిన నక్క

ఆ పాల ఫారంలో పనికి చేర్చుకునేది సీమగుర్రం. దాని ముందు ఎవరైనా సరే ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ముసలెద్దు పోలయ్యకి అక్కడ పని దొరక్కపోతే యజమాని సంతకి తోలేస్తాడు, సంతలో ముసలెద్దుల్ని కొనేది ఎవరో పోలయ్యకి తెలుసు. అందుకే సిగ్గు విడిచి నక్క చిట్టెమ్మ దగ్గరికి వెళ్ళాడు.

“చెల్లెమ్మా, కష్టపడి పనిచేస్తానంటే ‘ఐ వర్క్ హార్డ్’ అనే కదా?”

“దానికి తోకేదన్నయ్యా? నువ్వెలాంటివాడివో చెప్పేటప్పుడు మాట ఉత్తదే. ఎలా పనిచేస్తావో చెప్పాలంటే మాత్రం వెనకాల ‘లీ’ తగిలించాలి. స్లో అయితే స్లోలీ, హార్డ్ అయితే హార్డ్‌లీ.”

చిట్టెమ్మ కుట్రేం చెయ్యలేదు. ఆవిడకి వచ్చిన వ్యాకరణం అంతే. పైగా కోళ్ళగూటి కాపలా పని కోసం ఆవిడా వెళ్తోంది.

మర్నాడు పోలయ్య గుర్రం ముందు తల వంచి, “ఐ వర్క్ హార్డ్‌లీ” అన్నాడు.

“అంటే దాదాపు పనే చెయ్యనంటావు. మరెందుకొచ్చావు?” అంది గుర్రం.

పాపం, పోలయ్య బతిమాలుకున్నాడు. “అయ్యా, నాకు ఇంగ్లీషు నోరు తిరగదు. ఒక్కసారి బండి కట్టి చూడండి.”

నిండు గడ్డిబండిని బురదలోంచి ఒక్క ఊపున లాక్కొచ్చాడు. గుర్రం మెత్తబడింది.

“నీ ‘హార్డ్’కి తోక అక్కర్లేదు పోలయ్యా, ఉత్తగానే పనిచేసే తీరు చెప్తుంది. ‘ఫ్రెండ్లీ’కి తోకున్నా అది చెప్పేది గుణమే. ‘ఫ్లై’ చివరా అవే ఎల్, వై అక్షరాలు, అదేమో ఏకంగా ఎగిరే పనే. రేపట్నించి రా.”

వెనక నిలబడ్డ చిట్టెమ్మ ఇదేదీ వినలేదు. తన పాఠం వల్లించుకుంటోంది. ఆకలితో ఉన్నదాన్ని, కోళ్ళని కాచుకుంటాను అని చెప్పుకోవాలని ఆవిడ ఉద్దేశం.

“ఐ వాచ్ హెన్స్ హంగ్రిలీ,” అంది ధీమాగా.

గూట్లో కోళ్ళన్నీ ఒక మూలకి ఒదిగాయి.

“‘హంగ్రీ’ అని ఊరుకుంటే ఆకలి నీదయ్యేది, ఇంత రొట్టె పెట్టి పంపేవాణ్ణి. తోక తగిలించి ఆ ఆకలిని కోళ్ళని చూసే చూపుకి కట్టావు,” అంది గుర్రం.

పోలయ్యకి జాలేసింది. “ఏమనుకోకండయ్యా, మా పంతులమ్మ. వ్యాకరణం ఈసారి సరిగ్గానే కుదిరింది.”

చిట్టెమ్మ తోక ముడిచింది.

నీతి: మాట ఏ జాతిదో తెలియాలంటే దాని తోక కాదు, వాక్యంలో అది చేసే పని చూడాలి.