మంచు పట్టిన గొట్టం దగ్గర

భానోజీకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ పొద్దున అది ముక్కు దాటి చేతిలోని కాగితం దాకా వచ్చింది.

"గురువుగారూ, దీని మీద మీ సంతకం కావాలి. పైడిరాజు పేరు పరీక్ష నుంచి తీసేస్తున్నాను."

సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా ప్లాంటుకు కాశింగారే పెద్దదిక్కు. ముప్పై ఏళ్లలో ఆయన చేతికింద పని నేర్చుకోనివాళ్లు అక్కడ లేరు. భానోజీ కూడా ఆయన శిష్యుడే. గోల్డ్ మెడల్ తెచ్చుకున్న ఇంజనీరు, చురుకైనవాడు. అందుకే హెల్పర్లను ఆపరేటర్ పరీక్షకు తయారుచేసే పని ఆయన ఇతనికి అప్పజెప్పారు.

తొమ్మిదిమంది బాగానే తయారయ్యారు. పదోవాడు పైడిరాజు. నలభై రెండేళ్ల మనిషి. పదిహేనేళ్లుగా ఎరువు బస్తాలు కుట్టే చోట పని. ఆ దుమ్ము పడక దగ్గు పట్టుకుంది. ఆ చోటు మారి తీరాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. సోమవారం పరీక్ష గట్టెక్కితే ప్లాంటులోకి వస్తాడు. లేదంటే మళ్లీ ఆ బస్తాల దగ్గరికే.

"ఏం, ఎందుకు తీసేయడం?" అన్నారు కాశింగారు.

"నిన్న చెప్పింది ఇవాళ ఉండదండీ. గొంతు చించుకుని చెబుతున్నాను. నేను ఎంత అరిస్తే అంత మర్చిపోతున్నాడు. నావల్ల కాదు."

కాశింగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పద, నీ పాఠం ఒకసారి విందాం."

ఆయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గురువుగారు వింటున్నారు కదా అని భానోజీ గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

"పైడిరాజూ, లే! సమతాస్థితి అంటే ఏమిటి?"

పైడిరాజు లేచాడు. "అదండి... రెండూ సమానంగా..."

"ఏ రెండు? ఊఁ, త్వరగా చెప్పు! నిన్న నాలుగుసార్లు చెప్పించానా లేదా?"

పైడిరాజు నోరు తెరిచాడు. మాట బదులు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక తల దించుకుని, "మర్సిపోనానండి" అన్నాడు.

నలభై దాటిన మనిషి సగం వయసు కుర్రాడి ముందు అలా చేతులు కట్టుకుని నిలబడితే చూసేవాళ్లకు ప్రాణం ఉసూరుమంటుంది. మిగతా తొమ్మిదిమందీ ఎవరి పుస్తకంలోకి వాళ్లు చూసుకున్నారు.

కాశింగారు లేచారు. "రాజూ, కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాను. సెపరేటర్లో లెవెల్ ఎంతుందో కాస్త చూసిపెడుదువు గాని, రా. భానోజీ, నువ్వూ రా."

కళ్లజోడు ఆయన నెత్తి మీదే ఉంది. ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ముగ్గురూ ప్లాంటులోకి నడిచారు. ఒక పక్కన కన్వర్టర్, దగ్గరికి వెళితే సెగ కొడుతుంది. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అయ్యేది దాంట్లోనే. ఒక దఫాలో నూటికి పదిహేను పాళ్లు కలిస్తే గొప్ప. పది అడుగులు దాటితే గొట్టాల నిండా తెల్లగా మంచు. అక్కడ ఆ గ్యాసును చల్లబరుస్తారు. అమ్మోనియా నీరులా మారి సెపరేటర్ అడుగున చేరుతుంది. దాన్ని కిందికి తీసేసి, మిగిలిన గ్యాసును మళ్లీ కన్వర్టర్‌కు పంపుతారు.

శిక్షణలో రోజూ చేస్తున్న పనే కావడంతో పైడిరాజు వంగి, సెపరేటర్‌కున్న గాజు మీది మంచును తువ్వాలు కొసతో తుడిచి చూశాడు. "సగం దాటీసిందండి. తీసీమంటారా?"

"తీయకపోతే ఏమవుతుంది?" కాశింగారు భోజనంలో ఉప్పు అడిగినంత మెల్లగా అడిగారు.

"నిండిపోయి గ్యాసుతోటి మళ్లీ లోపలికే ఎల్లిపోతాదండి. అక్కడ పేరుకుపోతే, ఎంత కలుస్తాదో అంతే ఇడిపోతాది. సూసినోడికి పని ఆగిపోనట్టుంటాది గానీ, ఆగదండి. కలిసీది కలుస్తానే ఉంటాది, ఇడిపోయీది ఇడిపోతానే ఉంటాది. రెండూ సమానం. తయారైంది సల్లబరిసి ఎప్పటికప్పుడు బయటికి తీసీస్తేనే గదండి, ఇంకోటి తయారయీది."

 భానోజీ నాలుగు రోజులుగా అరిచి అడుగుతున్నది ఇదే. పుస్తకంలో కూడా ఇంత విడమరిచి లేదు.

కాశింగారు అతని వైపు తిరిగారు. "భానోజీ, నాకొక సందేహం. సరుకు ఇంకా త్వరగా కావాలంటే కన్వర్టర్లో వేడి పెంచుకుంటూ పోతే సరిపోదూ?"

భానోజీకి నవ్వొచ్చింది. కొత్తగా చేరినవాళ్లు అడిగే ప్రశ్న అది. "ఎలా కుదురుతుంది గురువుగారూ? వేడి పెంచితే పని జోరుగానే నడుస్తుంది. కానీ మరీ వేడెక్కితే తయారైన అమ్మోనియా నిలవదు. ఉన్నది కూడా మళ్లీ విడి..."

అక్కడ ఆగిపోయాడు.

కాశింగారు నెత్తి మీది కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, లెవెల్ చూసి, "తీసెయ్ రాజూ" అన్నారు.

పైడిరాజు వాల్వు తిప్పాడు. గాజులో అమ్మోనియా మట్టం నెమ్మదిగా దిగింది. దాన్నే చూస్తున్న అతని ముఖంలో బెదురు లేదు, దగ్గు కూడా రాలేదు. ఆ ముఖాన్ని తను ఇన్నాళ్లూ ఎప్పుడూ చూడలేదని భానోజీకి అనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"గురువుగారూ, ఆ కాగితం..."

"ఏ కాగితం?" అన్నారు కాశింగారు, టీ తాగడానికి వెళ్లిపోతూ.

భానోజీ పైడిరాజు దగ్గరికి వెళ్లి, "అన్నా" అన్నాడు. ఆ పిలుపు తననే అని తెలియక పైడిరాజు వెనక్కి తిరిగి చూశాడు.

"అన్నా, ఇప్పుడు చెప్పావే, అది రేపు క్లాసులో మిగతావాళ్లకు నువ్వే చెప్పాలి."

"నానేటి బాబూ! మద్దెలో మర్సిపోతే?"

"మర్చిపోతే ఏం? గుర్తొచ్చేదాకా కూర్చుంటాను."